రెండు దారాల మూకుడు

మొన్న మా ఇంటికి ఇద్దరమ్మాయిలు వచ్చారు, ఇల్లు సర్దడానికి. ఇద్దరివీ ఒకే రంగు చొక్కాలు, చేతులకి తొడుగులు, మెడలో గుర్తింపు కార్డులు. మా అమ్మాయి ఫోనులో చూసి, తనే మాట్లాడి, నాకు చెప్పకుండా పంపించింది. చెప్తే నేను ఒప్పుకోనని దానికి తెలుసు. కాకినాడలో మా ఫ్లాటు మూడు గదులది. అందులో ఒక గది తలుపు పూర్తిగా తెరుచుకోక ఎన్నేళ్లయిందో నాకే గుర్తులేదు. ఆ సందులోంచి పక్కకి తిరిగి లోపలికెళ్లడం నాకూ మా ఆయనకీ అలవాటైపోయింది. వచ్చినమ్మాయిల్లో హారిక అనే పిల్ల మూడు అట్టపెట్టెలు తెచ్చి వరసగా పెట్టింది. ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి. ఒక్కో వస్తువూ తియ్యడం, నా మొహం ముందు పెట్టడం, “మేడమ్, ఇది లాస్ట్ ఎప్పుడు వాడారు?” అనడం. రెండు గంటలయ్యేసరికి నాకు పరీక్ష రాస్తున్నట్టు చెమటలు పట్టాయి. అబద్ధాలు కూడా ఆడాను. జన్మలో ముట్టుకోని జంతికల గొట్టాన్ని పోయిన నెల్లోనే వాడానని చెప్పాను.

ఇంతలో ఆ పిల్ల బల్ల కిందనుంచి రెండు చేతులా ఏదో లాగి, బరువుకి ఊపిరి బిగబట్టి, నా ముందు పెట్టింది. పాత దుప్పటి ముక్కలో చుట్టిన ఇనప మూకుడు. ఒక చెవి కాస్త వంగి ఉంటుంది. ఆ చెవికి రెండు దారాలు, ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది. “బాబోయ్, ఇంత బరువు! ఇది పారేసేదే కదా మేడమ్?” అంది. నేను కుర్చీలోంచి లేచిన వేగానికి పక్క గదిలోంచి మా ఆయన ఏమయిందంటూ పరిగెత్తుకొచ్చారు.

మా పుట్టిల్లు పెద్దాపురం. నాన్నగారికి బజార్లో కిరాణా కొట్టు. ఇల్లు మండువా లోగిలి, చుట్టూ గదులు. గదులు చాలానే ఉన్నా మనుషులు పడుకోవడానికి రెండే మిగిలాయి. మిగతావన్నీ సామాన్లవి. కొట్టులోంచి వచ్చిన ఖాళీ గోనెసంచులు, నూనె డబ్బాలు, నవారు ఊడిన మంచాలు, నాన్నగారు చదివేసి “అందులో ఒక ముఖ్యమైన సంగతి ఉంది” అని దాచుకున్న పేపర్లు. వీటన్నిటికీ పైన మా నాన్నమ్మ సంపద. గుడ్డ పోయిన గొడుగుల ఊచల్ని కూడా నాన్నమ్మ కట్టలు కట్టి దాచింది. దేనికే అంటే “ఉండనీ, పనికొస్తాయి” అనేది. ఆ ఊచలు దేనికి పనికొస్తాయో ఆవిడా చెప్పలేదు, మేమూ కనుక్కోలేదు. ఆ గదుల వాసన నాకిప్పటికీ ముక్కులోనే ఉంది. చింతపండు, గోనె నార, ఆముదం, ఎక్కడో ఒక మూల ఎలుక. వేసవి మధ్యాహ్నాలు ఆ చీకట్లో దాక్కుంటే అమ్మ ఎంత పిలిచినా దొరికేదాన్ని కాదు.

గిన్నెల సంగతి వేరే చెప్పాలి. మా వీధిలో ఒక ఇంటి గిన్నె ఇంకో ఇంటికి వెళ్తే, దాన్ని ఖాళీగా తిరిగి పంపకూడదు. పులుసు పోసిచ్చిన గిన్నెలో కనీసం రెండు అరటిపళ్లో, గుప్పెడు పంచదారో వేసి పంపాలి. అందరూ పాటించేవారు గానీ, మా నాన్నమ్మకి ఆ పట్టింపు మరీ ఎక్కువ. పెద్ద గిన్నెలో చిన్న వస్తువు వేసి పంపితే నామోషీ అనుకునేది. తగినది చేసినప్పుడు పంపుదాంలే అని అటక మీద పెట్టించేది. ఆ తగిన రోజు వచ్చేసరికి ఏ గిన్నె ఎవరిదో మర్చిపోయేది. అలా మా అటక మీద వీధిలో సగం ఇళ్ల గిన్నెలు చేరాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది వెనకవీధి మేష్టారుగారి ఇత్తడి గంగాళం. మా తమ్ముడి అన్నప్రాశనకి పులిహోర కలపడానికి తెచ్చింది. అంత గంగాళంలో ఏం వేసి పంపుతాం? “నాలుగు జంతికలు అడుగున వేసి పంపితే ఊరు ఊరంతా నవ్వదూ?” అని నాన్నమ్మ దాన్ని అటకెక్కించి బోర్లించింది. తమ్ముడు రెండో క్లాసుకొచ్చినా అది దిగలేదు. మేష్టారుగారి వాళ్లు మర్యాదకి అడగలేదు, మేము మర్యాదకి ఇవ్వలేదు.

మూడిళ్ల అవతల చిన్న నాన్నమ్మ ఉండేది. మా తాతగారి తమ్ముడి భార్య, అంటే నాన్నమ్మకి తోడికోడలు. పేరు చిట్టెమ్మ. వాళ్లిద్దరూ ఒకే ఏడాది కాపరానికొచ్చి, ఒకే అత్తగారి దగ్గర తిట్లు తిన్నవాళ్లు. ఆ అత్తగారు పోతూ పోతూ వాళ్లిద్దరికీ కలిపి వదిలిన వస్తువే ఈ మూకుడు. ఇందులో వేయిస్తే బూరె గుండ్రంగా, బంగారు రంగులో, పగలకుండా వస్తుందని పేరు. రెండిళ్లలో ఎవరింట్లో శుభకార్యమైనా ఆ మూకుడే పొయ్యెక్కేది, ఆ ఇద్దరే దాని ముందు కూర్చునేవారు. చిన్న నాన్నమ్మ తోపు కలిపి పూర్ణం ఉండల్ని అందులో ముంచి నూనెలోకి జార్చేది. తోపంటే బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండి. నాన్నమ్మ చిల్లుల గరిటెతో తిప్పి తీసేది. ఒకళ్ల పని ఒకళ్లు ఎప్పుడూ చెయ్యలేదు.

తమ్ముడి అన్నప్రాశన అయిన కొన్నాళ్లకి చిన్న నాన్నమ్మ మూకుడు కోసం కబురు పెట్టింది. నీ దగ్గరే ఉంది కదా, నువ్వే పట్టుకెళ్లావు అంది నాన్నమ్మ. నేను పట్టుకెళ్లలేదక్కా అందావిడ. అయితే మూకుడికి కాళ్లొచ్చాయా అంది నాన్నమ్మ. అంటే నేను దాచుకున్నాననా అందావిడ. అంతే. మళ్లీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఆ మూకుడు వచ్చేదాకా ఈ ఇంట్లో బూరె వండేది లేదని నాన్నమ్మ ఒట్టు పెట్టుకుంది. గోదావరి జిల్లాలో బూరెలు లేని ఇల్లు! చుట్టాలు పండక్కొచ్చి గారెలు తిని, విస్తరి వంక అనుమానంగా చూసేవారు.

బూరెల మాట అటుంచి, నా బాధ నాకుండేది. చిన్న నాన్నమ్మ మనవరాలు విజయ నా క్లాసే. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. మా వీధి మలుపు తిరగ్గానే నేను ముందు, అది వెనక, ఎవరో తెలియనట్టు నడిచేవాళ్లం. వాళ్ల పెరట్లో ఉయ్యాల ఉందని తెలుసు గానీ, ఎక్కింది లేదు. పెద్దయ్యాక కూడా ఇలాగే నడవాలేమోనని నాకు దిగులుగా ఉండేది. ఒకసారి దాన్నడిగాను కూడా. “మా నాన్నమ్మ రోజూ మీ అరుగు వైపు చూస్తుందే” అంది. మా నాన్నమ్మా వాళ్ల అరుగు వైపే చూసేది. ఇద్దరూ ఒకేసారి చూడరు, అదే చిక్కు.

ఆషాఢంలో మరిడమ్మ జాతరకి మా ఇంటికి చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఒక ఏడాది మా పిన్ని భర్త పడుకోవడానికి చోటు దొరక్క గోనెసంచుల మీద పడుకున్నారు. తెల్లారి లేచి ఒళ్లంతా గోక్కుంటూ, ఒక్క మాటనకుండా కాఫీ తాగి వెళ్లిపోయారు. అమ్మకి తల కొట్టేసినట్టయింది. మరుసటేడు జాతరకి ముందే, అత్తగారి ముందు ఎప్పుడూ గొంతెత్తని అమ్మ, “అత్తయ్యగారండీ, పాపాయమ్మని పిలిపిస్తానండి” అంది.

పాపాయమ్మని ఎరగనివాళ్లు మా ఊళ్లో లేరు. పెళ్లిళ్లలో ఉగ్రాణం ఆవిడ చేతిలో ఉండేది. సరుకులు, గిన్నెలు పెట్టే గదిని ఉగ్రాణం అంటారు. పెళ్లికి పదిళ్ల నుంచి గిన్నెలొస్తాయి కదా, ఏది ఎవరిదో తెలియాలని, ఒక్కో ఇంటికీ ఒక్కో రంగు దారం గిన్నె చెవికి కట్టేది. మా ఊరి పట్టుమగ్గాల దగ్గర తెగిన దారం పోగులు ఏరి తెచ్చుకుని బొడ్లో సంచీలో పెట్టుకునేది. ఆవిడ చూసిన పెళ్లిళ్లలో గరిటె పోయిందన్న మాట లేదట. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గనక ఆ నెలలో ఇళ్లు సర్దే పనికి ఒప్పుకునేది. పొట్టి మనిషి, ముక్కుపొడుం అలవాటు, గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. వస్తూనే మండువాలో నిలబడి, నాన్నమ్మకి నమస్కారం పెట్టి, “పని అయ్యేదాకా ఈ ఇంటికి పెద్ద నేనేనండి పెద్దమ్మగారూ. అదైతేనే చేత్తానండి” అంది. నాన్నమ్మ ఏదో అనేలోపే పాపాయమ్మ మొదటి గదిలోకి దూరింది.

ఒక గది సామానంతా మండువాలోకి తెచ్చి పరచడం, ఒక్కో వస్తువూ ఎత్తి పట్టుకుని “ఎవరిదండీ ఇదీ?” అనడం, ఇదీ ఆవిడ పద్ధతి. పనికొస్తుందా, ఎప్పుడు వాడారు, ఇలాంటివి అడిగేది కాదు. ఎవరిదో చెప్తే దారం కట్టేది. మా ఇంటిది ఎరుపు. నాన్నగారి పేపర్లు ఎత్తి “ఎవరివండీ?” అంటే, కొట్టుకి వెళ్లబోతూ ఆగిన నాన్నగారు, “నావే” అన్నారు. “అయితే మీ మంచం కిందెట్టెయ్యనా అండి, మీయే కదా” అంది. ఆయన ఆ కట్టలు చూశారు, మంచం చూశారు, “కొట్టుకి పంపించెయ్, పొట్లాలు కట్టుకుంటాం” అని గబగబా వెళ్లిపోయారు. గొడుగు ఊచల దగ్గర నాన్నమ్మ గట్టిగా నిలబడింది. అవి ఎర్ర దారం కట్టించుకుని మళ్లీ లోపలికే వెళ్లాయి.

మేమూ చేతులు వేశాం. విజయ కూడా మా గుమ్మం దగ్గరకొచ్చి, లోపలికి రాకుండా, స్తంభం పట్టుకుని చూస్తూ నిలబడేది. నాన్నమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది. అటక దించడం మూడో రోజు. నిచ్చెన మీద పాపాయమ్మ, కింద అందుకోడానికి అమ్మ, నేను. ఒక్కో గిన్నె దిగేకొద్దీ నాన్నమ్మ మొహం ఎర్రబడింది. “ఎవరిదండీ ఇదీ?” “అది... పూలకొట్టు వాళ్లది.” “ఇదో?” “అదీ వాళ్లదే.” ఆకుపచ్చ, నీలం, తెలుపు, పాపాయమ్మ సంచీలో దారాలన్నీ అయిపోవచ్చాయి. ఎర్ర దారం కట్టిన గిన్నెలు నాలుగో అయిదో. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆఖర్న మేష్టారుగారి గంగాళం కదిలింది. దాన్ని పక్కకి జరిపిన పాపాయమ్మ, “దీనికిందేదో ఉందండోయ్” అంది.

పాత చీరముక్కలో చుట్టిన మూట. పైన మూడుసార్లు తిప్పి వేసిన ముడి. అలాంటి ముడి మా ఇంట్లో ఒక్కరే వేస్తారు. విప్పితే ఆముదం వాసన, లోపల మూకుడు. నల్లగా, తుప్పు పట్టకుండా, వంగిన చెవితో సహా. అన్నప్రాశన రోజున తోమి, ఆముదం రాసి, మూటగట్టి అటక మీద పెట్టింది నాన్నమ్మే. దాని మీద గంగాళం బోర్లించిందీ ఆవిడే. ఆ గంగాళాన్ని వేళకి తిరిగి పంపి ఉంటే మర్నాడే మూకుడు కనబడేది. అందులో ఏం వేసి పంపాలో తేలక ఇన్నేళ్లు తోడికోడల్ని దొంగని చేసి కూర్చుంది.

 నాన్నమ్మ చిన్న గొంతుతో, “పాపాయమ్మా, మళ్లీ చుట్టి, అలాగే గంగాళం కింద పెట్టెయ్” అంది. నేను స్తంభం దగ్గరున్న విజయ వైపు చూశాను. అది మూకుడు వైపు చూస్తోంది.  ఇప్పుడు మూకుడు పైకెక్కితే ఇక ఎప్పటికీ దిగదని నాకు అర్థమైంది.

“ఆయ్, అది మాత్రం నా వల్ల కాదండి” అంది పాపాయమ్మ. ముక్కుపొడుం కూడా పీల్చకుండా, మూకుడు ఒళ్లో పెట్టుకుని నాన్నమ్మ ఎదురుగా నేల మీద కూచుంది. “ఎవరిదండీ ఇదీ?”

“మా అత్తగారిది.”

“ఆవిడ పోయేరు కదండీ. ఇప్పుడెవరిదండీ?”

నాన్నమ్మ కళ్లొత్తుకుంది. “మా ఇద్దరిదీ” అంది.

“అలా చెప్పండి మరి. అయితే రెండు దారాలు కట్టాలండి.” ఎర్ర దారం కట్టింది. సంచీ దులిపి, అడుగున మిగిలిన పసుపు దారం తీసి పక్కనే ముడేసింది.

ఆ మర్నాడు నాన్నమ్మ తెల్లవారుతూనే స్నానం చేసి, పచ్చిశనగపప్పు ఉడకేసింది. గంగాళం నిండా బూరెలు వండి మేష్టారుగారింటికి పంపాలట. మిగిలిన గిన్నెలన్నిట్లోనూ బూరెలే వేసి పంపాలట. చిట్టెమ్మకి మాత్రం మూకుడు నిండా తనే పట్టుకెళ్తుందట. ఒట్టు తీరింది కదా, మూకుడు దొరికింది కదా అంది. అమ్మకి అప్పటికే కొత్తగా గ్యాసు పొయ్యి వచ్చింది గానీ, బూరెలకి అది పనికిరాదని నాన్నమ్మ పెరట్లో కట్టెల పొయ్యి వెలిగించింది. తోపు తనే కలిపింది. మొదటి వాయి నూనెలో వేసింది. నాలుగూ పేలాయి. పూర్ణం నూనెలోకి పోయి, నల్లటి మడ్డి తేలింది. నూనె మార్చి రెండో వాయి వేసింది. అవీ పేలాయి. తిప్పి తియ్యడం తప్ప, ముంచి జార్చడం ఆ చేతులకి తెలియదు. మూడో వాయిలో ఒకటి పగిలి నూనె చిందేసరికి, నాన్నమ్మ మూకుడు దింపేసి, లేచి నిలబడింది. చేతులకి పిండి, కొంగుకి మసి. అలాగే వీధిలోకి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

మా నాన్నమ్మ ఒకరింటికి ఉత్తచేతులతో వెళ్లడం నేను చూసింది అదొక్కసారే. చిన్న నాన్నమ్మ అరుగు మీద కూర్చుని మినుములు బాగుచేస్తోంది. నాన్నమ్మ మెట్టు కింద ఆగిపోయింది.

“చిట్టెమ్మా, మూకుడు మా అటక మీదే ఉంది. నేనే పెట్టి మర్చిపోయాను. తప్పు నాదేనే” అంది. తర్వాత చేతులు చూపించి, “బూరెలు పేలిపోతున్నాయి” అంది. 

చిన్న నాన్నమ్మ చేట పక్కన పెట్టింది. నాన్నమ్మ వేళ్లకంటిన పిండిని తన వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య రాసి చూసింది.

“పలచనైపోయింది. ఎవరు కలిపారు?”

“నేనే.”

“నీకెప్పుడొచ్చింది గనకక్కా!” అని లేచి, లోపలికెళ్లింది. తలుపేసుకుంటుందేమోనని నేను భయపడి చచ్చాను. చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని, పొడుగాటి చిల్లుల గరిటె పట్టుకుని బయటికొచ్చింది. మూకుడుతో పాటు ఉండాల్సిన గరిటె. “ఇది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. దీనికోసమైనా వస్తావని చూశాను” అంది. అప్పుడు మాత్రం ఇద్దరూ నడివీధిలో ఏడ్చారు. నేనూ విజయా చేతులు పట్టుకుని, ఎందుకో తెలియకుండానే గంతులేశాం.

ఆ రోజు వండినన్ని బూరెలు మళ్లీ నేనెక్కడా చూడలేదు. చిన్న నాన్నమ్మ ముంచడం, నాన్నమ్మ తియ్యడం, మంట తగ్గించమని ఒకరు, ఎగదొయ్యమని ఒకరు, ఇన్నేళ్లలో మాట్లాడుకోని మాటలన్నీ ఆ పొయ్యి ముందే మాట్లాడుకున్నారు. ఒక్కటి పగల్లేదు. గంగాళాన్ని నాన్నగారు, మేష్టారుగారబ్బాయి చెరో చెవీ పట్టుకుని మోసుకెళ్లారు. రంగు రంగుల దారాల గిన్నెలు పట్టుకుని నేను, విజయ, అమ్మ, పాపాయమ్మ ఇల్లిల్లూ తిరిగాం. బూరెకి చిల్లు పెట్టి, కాచిన నెయ్యి పోసుకుని, వీధిలో నిలబడే తిన్నాం. సాయంత్రానికి విజయ వాళ్ల ఉయ్యాల ఎక్కాను.

అసలు తమాషా ఆ తర్వాత. గిన్నెలందుకున్న ఇళ్లన్నీ ఊరుకుంటాయా? వాళ్ల అటకలూ దిగాయి. మా గిన్నెలు వాళ్ల దగ్గరా ఉన్నాయిగా! సున్నుండలు, చేగోడీలు, మామిడి తాండ్ర వేసుకుని, జాతర మొదలయ్యేలోపల మా గిన్నెలన్నీ మా ఇంటికొచ్చాయి. ఖాళీ చేసిన అటక మళ్లీ నిండింది. అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చుని, నవ్వి నవ్వి కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపాయమ్మ మాత్రం, “ఇప్పుడన్నీ మీయేనండి. ఎన్నున్నా పరవాలేదండి” అని ముక్కుపొడుం పీల్చి వెళ్లిపోయింది.

హారికకి ఇదంతా చెప్పాను. పాపం, చేతి తొడుగులు తీసేసి మరీ వింది. ఆ పిల్ల పనిమంతురాలే, కాదనను. ఒక్కరోజులో నా గది తలుపు పూర్తిగా తెరుచుకునేలా చేసింది. కానీ ఇప్పుడు మన ఇళ్లలో పోగవుతున్నవాటిలో ఎవరివీ కానివే ఎక్కువ. హోటలు నుంచి వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు నలభై దాకా తేలాయి. వాటిని ఎవరికి తిరిగివ్వాలి? ఏం వేసివ్వాలి? పాపాయమ్మ వచ్చినా వాటికి కట్టే దారం దొరకదు. అవన్నీ నేనే చేత్తో తీసి పారేసే పెట్టెలో వేశాను. చాలా హాయిగా అనిపించింది.

“మరి ఈ మూకుడు మేడమ్? ఉంచేవాటిలో పెట్టనా?” అంది హారిక.

పెట్టడానికి వీల్లేదు. నాన్నమ్మలిద్దరి తర్వాత అది మా ఇద్దరికొచ్చింది. రాజమండ్రిలో విజయ, ఇక్కడ నేను. ఒక ఏడాది దాని దగ్గర, ఒక ఏడాది నా దగ్గర, బూరెలతో వెళ్లి బూరెలతో వచ్చేది. దారాలు మాసినప్పుడల్లా కొత్తవి కడుతున్నాం. మూడేళ్ల క్రితం విజయ నిండుగా పంపింది. నా మోకాళ్ల నొప్పితో పొయ్యి ముందు నిలబడలేక, ఈ నెల కాదు వచ్చే నెల, వండాకే పంపుదాం అనుకుంటూ దుప్పటి ముక్కలో చుట్టి బల్ల కిందకి తోసేశాను. పంపలేదన్న సిగ్గుతో దానికి ఫోన్లు కూడా తగ్గించాను. నాన్నమ్మని చూసి ఇంత నవ్విన మనిషిని, అచ్చంగా ఆవిడ చేసిన పనే చేశాను.

ఆ పిల్ల ముందే విజయకి ఫోన్ చేశాను. “రేపు పొద్దున్న బస్సుకి మూకుడు పట్టుకుని వస్తున్నానే” అన్నాను. “ఖాళీగా. వండలేకపోయాను.”

 అటునుంచి అదే నవ్వు, ఉయ్యాల మీద నవ్విన నవ్వు.

“నీకెప్పుడొచ్చింది గనక! రా, తోపు నేను కలిపి ఉంచుతాను.”